ముందు పిల్లల చేత ఒక బిళ్ళ చేయించండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. ఎలక్ట్రోసిరామిక్స్‌లో (విద్యుత్ గుణాలున్న సిరామిక్ పదార్థాల శాస్త్రం) పీహెచ్‌డీ పూర్తి చేసి హైదరాబాద్‌లో ఒక యూనివర్సిటీ కాలేజీలో కొత్తగా చేరారు. బీటెక్ రెండో సంవత్సరానికి మెటీరియల్స్ సైన్స్, ఎమ్మెస్సీ వాళ్ళకు ఎలక్ట్రోసిరామిక్స్ చెప్పమన్నారు. పిల్లల్లో సగం మంది తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్ళు. ల్యాబ్‌లో 1200 డిగ్రీల వరకు వెళ్ళే మఫిల్ ఫర్నేస్ (మూసి ఉండే విద్యుత్ కొలిమి), చేత్తో కొట్టే హైడ్రాలిక్ ప్రెస్, కెపాసిటెన్స్ వంటివి కొలిచే ఒక ఎల్‌సీఆర్ మీటర్ ఉన్నాయి. స్లైడ్లు వేసి చెబుతుంటే ఎవరికీ ఎక్కడం లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి, తెలుగులో చెప్పొచ్చా, లెడ్ (సీసం) ఉన్న పదార్థాలతో ప్రయోగాలు చేయించొచ్చా అని మీ ప్రశ్న.

నేను ఈ ఊళ్ళోనే 27 ఏళ్ళుగా ఈ రెండు సబ్జెక్టులూ చెబుతున్నాను. ఎక్కడ మొదలుపెట్టాలి అంటే నా జవాబు ఇది: మొదటి వారంలోనే ప్రతి విద్యార్థీ తన చేత్తో ఒక బేరియం టైటనేట్ (కెపాసిటర్లలో వాడే సిరామిక్) బిళ్ళ మొదలుపెట్టాలి. సెమిస్టర్ పొడుగునా ఆ బిళ్ళ వాళ్ళదే. తూచాలి, కాల్చాలి, కొలవాలి, పగిలితే ఎందుకు పగిలిందో చెప్పాలి. మీరు చెప్పే థియరీ అంతా ఆ బిళ్ళ వేసే ప్రశ్నలకు జవాబుగా రావాలి. సిలబస్ పుస్తకంలో వరస వేరేగా ఉంటుంది. స్ఫటిక నిర్మాణాలు, లోపాలు, ఫేజ్ డయాగ్రమ్‌లు, ఐరన్ కార్బన్ డయాగ్రమ్ అంటూ మూడు నెలలు గడిచిపోతాయి. సిరామిక్స్ ఆఖరి యూనిట్‌లో వస్తుంది. అప్పటికి పిల్లలకు ఇంటర్నల్స్ టెన్షన్ మొదలై ఉంటుంది. ఆ వరసను మీరు పాటించాల్సిన పని లేదు. యూనిట్లన్నీ పూర్తి చేస్తే చాలు, ఏది ముందు చెప్పారని ఎవరూ అడగరు.

నేను ఈ పద్ధతికి ఎందుకు వచ్చానో చెప్పాలి. ఉద్యోగంలో చేరిన తొలి రోజుల్లో ఒక కాలేజీలో నాకు ల్యాబ్ ఇచ్చారు. 40 మంది రికార్డులు దిద్దుతుంటే నలభైలోనూ క్యూరీ ఉష్ణోగ్రత (స్ఫటిక నిర్మాణం, దాంతో పాటు విద్యుత్ ధర్మాలు మారే ఉష్ణోగ్రత) సరిగ్గా 120 డిగ్రీలే ఉంది. గ్రాఫ్‌లో ఒక్క చుక్క కూడా గీత దాటలేదు. సీనియర్ల రికార్డు చూసి అందరూ దించారు. ఆ ల్యాబ్‌లో హీటర్ కాలిపోయి అప్పటికే ఏడాది అయిందని తర్వాత తెలిసింది. అంటే ఎవరూ ఏమీ కొలవకుండానే అందరికీ మార్కులు వచ్చాయి, ఆ మార్కులు వేసింది నేను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. బిళ్ళ వాళ్ళ సొంతమైతే కాపీ కొట్టడానికి ఏమీ ఉండదు. ఇద్దరి బిళ్ళలు ఒకేలా రావు.

బేరియం టైటనేటే ఎందుకంటే, చదువు చెప్పడానికి ఇంత అనువైన పదార్థం నాకు ఇంకొకటి దొరకలేదు. క్యూరీ ఉష్ణోగ్రత సుమారు 120 డిగ్రీలు, అంటే మరిగే నీటి కంటే కాస్త పైన. ఒక గిన్నెలో సిలికాన్ ఆయిల్ పోసి వేడిచేస్తే అందుకోగలం. స్ఫటిక నిర్మాణంలో ఇంకో మార్పు 5 డిగ్రీల దగ్గర ఉంటుంది, దానికి ఐసు ముక్కలు చాలు. ముడి సరుకులు రెండే: బేరియం కార్బొనేట్, టైటానియం డయాక్సైడ్. ఒక్క జాగ్రత్త మాత్రం మొదటి రోజే గట్టిగా చెప్పండి. బేరియం కార్బొనేట్ విషం. ఒకప్పుడు ఎలుకల మందుగా వాడారు. నీళ్ళలో అంతగా కరగదు కానీ కడుపులోని ఆమ్లంలో కరుగుతుంది. గ్లవ్స్, మాస్క్ లేకుండా ఎవరినీ తూచనివ్వకండి, ల్యాబ్‌లో టీలు, బిస్కెట్లు వద్దు.

ఇక అసలు పని. గ్రూపుకు 10 గ్రాముల బేరియం టైటనేట్ వచ్చేలా లెక్క వేయమనండి. మోలార్ ద్రవ్యరాశులు వరసగా 197.34, 79.87, తయారయ్యేది 233.19. లెక్క వేస్తే 8.46 గ్రాముల కార్బొనేట్, 3.43 గ్రాముల టైటానియం డయాక్సైడ్ వస్తాయి. మొత్తం 11.89 గ్రాములు. పొడుల్ని ముందుగా ఓవెన్‌లో ఆరబెట్టి తూచాలి. ఆగస్టులో మన దగ్గర గాలిలో తేమ ఎంత ఉంటుందో మీకు తెలుసు. తడి పట్టిన పొడిని తూస్తే నీళ్ళను కూడా బేరియం కింద లెక్కేసినట్టే. తర్వాత అగేట్ కల్వంలో ఎసిటోన్ వేసి రెండు గంటలు నూరాలి. చేతులు నొప్పి పుడతాయి. పుట్టనివ్వండి. రెండు ఘన పదార్థాలు కలిసి మూడోది కావాలంటే రేణువు రేణువును తాకాలి, అయాన్లు ఒక దాంట్లోంచి ఇంకో దాంట్లోకి నడిచి వెళ్ళాలి. డిఫ్యూజన్ పాఠం ఆ నొప్పి దగ్గరే మొదలవుతుంది.

నూరిన పొడిని క్రూసిబుల్‌లో వేసి, క్రూసిబుల్‌తో సహా తూచి, మీ మఫిల్ ఫర్నేస్‌లో 1100 నుంచి 1150 డిగ్రీల దగ్గర నాలుగైదు గంటలు ఉంచాలి. మర్నాడు మళ్ళీ తూచాలి. ఈ తూకాన్ని ఎట్టి పరిస్థితుల్లోనూ వదలకండి. ఒక ఏడాది ఒక అమ్మాయి కంగారుగా వచ్చి, "మేడమ్, రాత్రి మా పొడి ఎవరో తీశారు, దాదాపు రెండు గ్రాములు తక్కువుంది" అంది. ఎంత తక్కువుందో సరిగ్గా చూసి రమ్మన్నాను. 1.88. రసాయన సమీకరణం బోర్డు మీద రాసి, బయటికి వెళ్ళాల్సిన కార్బన్ డయాక్సైడ్ ఎంతో లెక్క వేయమన్నాను. 1.89 వచ్చింది. ఆ అమ్మాయి బోర్డు వైపు, తన నోట్‌బుక్ వైపు రెండు మూడు సార్లు చూసుకుంది. కనపడని అణువుల్ని తాను త్రాసులో తూచానని ఆమెకు అర్థమైన క్షణం అది. ఎన్ని స్లైడ్లు వేసినా నేను ఆ క్షణాన్ని తేలేకపోయేదాన్ని.

ఆ వెంటనే ఇంకో మాట కూడా చెప్పాలి. బరువు సరిపోయిందంటే కార్బన్ డయాక్సైడ్ వెళ్ళిందని మాత్రమే రుజువు. మిగిలింది మొత్తం బేరియం టైటనేటే అని కాదు. బేరియం ఎక్కువున్న వేరే టైటనేట్ కొంచెం ఏర్పడి, ఇంకో మూల టైటానియం డయాక్సైడ్ మిగిలిపోయి ఉండొచ్చు, బరువు మాత్రం అంతే ఉంటుంది. అది తేల్చాలంటే ఎక్స్‌రే డిఫ్రాక్షన్ (ఎక్స్‌కిరణాలతో స్ఫటిక నిర్మాణం చూసే పరీక్ష) కావాలి. అందరి పొడులూ పంపలేం కాబట్టి ఒకటి రెండు పంపించండి. కాపర్ ఎక్స్‌కిరణాలతో తీస్తే 45 డిగ్రీల కోణం దగ్గర ఉండే శిఖరం రెండుగా చీలి కనిపించాలి. ఆ చీలికే టెట్రాగోనల్ (ఒక వైపు సాగిన ఘనం) నిర్మాణం. యూనిట్ సెల్ (స్ఫటికంలో మళ్ళీ మళ్ళీ వచ్చే అతి చిన్న గడి) ఒక వైపు 3.99, ఇంకో వైపు 4.03 ఆంగ్‌స్ట్రామ్‌లు. ఒక్క శాతం సాగినందుకు ఒక శిఖరం రెండైంది. స్ఫటిక నిర్మాణాల యూనిట్ అప్పుడు చెప్పండి, ఎంత శ్రద్ధగా వింటారో చూడండి.

బిళ్ళ కొట్టడం సరదాగానే ఉంటుంది కానీ ఇక్కడే ఎక్కువ పాడవుతాయి. పొడిలో రెండు మూడు చుక్కల పీవీఏ అనే జిగురు ద్రావణం బైండర్‌గా కలిపి, 12 మిల్లీమీటర్ల డైలో (అచ్చు) అర గ్రాము వేసి, రెండు టన్నుల దగ్గర నొక్కితే సరిపోతుంది. ఎంత గట్టిగా నొక్కితే అంత మంచిదని కుర్రాళ్ళు ఐదారు టన్నులు కొడతారు. డై లోంచి తీయగానే బిళ్ళ పైపెచ్చు టోపీలా ఊడి వస్తుంది. లోపల ఇరుక్కున్న గాలి, వదిలేయగానే వెనక్కి సాగే పొడి, రెండూ కలిసి చేసే పని అది. ఒకరిద్దరు అలా పోగొట్టుకున్నా పర్వాలేదు, మళ్ళీ కొట్టుకుంటారు. తర్వాత 500, 600 డిగ్రీల వరకు చాలా నిదానంగా వేడిచేసి బైండర్‌ను పోనివ్వాలి. తొందరపడితే పొగ బయటికి వచ్చే దారి లేక బిళ్ళ పగులుతుంది. పచ్చి కుండను నేరుగా మంటలో పెడితే ఏమవుతుందో కుమ్మరిని అడిగితే చెబుతాడు. కారణం కూడా ఇంచుమించు ఇదే.

అసలు సింటరింగ్‌కు, అంటే పొడి బిళ్ళను కాల్చి గట్టిపరచడానికి, 1300 నుంచి 1350 డిగ్రీలు కావాలి. మీ ఫర్నేస్ అక్కడికి వెళ్ళదు, బలవంతంగా తీసుకెళ్ళకండి, కాయిల్ పోతుంది. సిలికాన్ కార్బైడ్ కడ్డీలున్న ఫర్నేస్ ఉన్న డిపార్ట్‌మెంట్‌ను వెతికి, సెమిస్టర్‌కు ఒక్కసారి అడగండి. 40 బిళ్ళలూ రెండు అల్యూమినా పలకల మీద పడతాయి, ఒక్క రాత్రి చాలు. పలకకు అతుక్కోకుండా కింద అదే పొడి పలచగా చల్లాలి. ఇంకో చిన్న విషయం, ఇది నేను కష్టపడి నేర్చుకున్నాను. బిళ్ళల మీద పెన్సిల్‌తో నంబర్లు వేయించకండి. గ్రాఫైట్ ఆ వేడికి గాలిలో కాలిపోతుంది, పొద్దున్నే 40 అనామక బిళ్ళలు చేతికొస్తాయి. ఏ బిళ్ళ ఏ గడిలో ఉందో కాగితం మీద పటం గీసి ఉంచండి.

బయటికి వచ్చాక 12 మిల్లీమీటర్లున్న బిళ్ళ సుమారు 10కి కుంచించుకుపోయి ఉంటుంది. ఎందుకు అని వాళ్ళే అడుగుతారు. కరిగి అతుక్కుంది మేడమ్ అని చాలామంది అంటారు. ఆ తప్పును అక్కడే పట్టుకోవాలి. బేరియం టైటనేట్ కరగడానికి 1600 డిగ్రీలు దాటాలి, మనం అక్కడికి పోనేలేదు. ఫ్రీజర్‌లో ఒక గిన్నెలో ఐసు ముక్కలు వేసి వారం రోజులు వదిలేస్తే ఒకదానికొకటి అంటుకుపోతాయి కదా, అక్కడ మైనస్ 18 డిగ్రీలుంటుంది, ఏదీ కరగలేదు. తాకిన చోట అణువులు మెల్లగా కదిలి మెడలా ఏర్పడతాయి. ఉపరితలం తగ్గితే శక్తి తగ్గుతుంది కాబట్టి అటే నడుస్తుంది. సింటరింగ్ కూడా అదే. ద్రవీభవన స్థానానికి బాగా దగ్గరకు తీసుకెళ్ళి, కరగనివ్వకుండా, టైమివ్వడం. ఈ ఐసు పోలిక చెప్పాక నేను ఆ ప్రశ్నకు తప్పు జవాబు చాలా అరుదుగా చూశాను.

సాంద్రత కొలవమనండి. లోపాలు లేని బేరియం టైటనేట్ సాంద్రత ఘన సెంటీమీటరుకు 6.02 గ్రాములు. 5.1 వచ్చిందంటే 85 శాతం, మిగతా 15 శాతం గాలి. ఆ గాలి ఎక్కడి నుంచి వచ్చిందో రాయమని అడిగితే నూరడం, నొక్కడం, కాల్చడం మూడూ మళ్ళీ తవ్వుకోవాల్సి వస్తుంది. నేను ఎక్కువ మార్కులు ఇచ్చేది ఈ పేజీకే. 95 శాతం వచ్చిన బిళ్ళకు కాదు, 80 శాతం వచ్చి కారణం నిజాయితీగా వెతికిన పేజీకి.

రెండు ముఖాల మీద సిల్వర్ పేస్ట్ రాసి ఎల్‌సీఆర్ మీటర్‌కు పెడతాం. అంచు దాటి పేస్ట్ కారితే షార్ట్ అవుతుంది, రీడింగ్ ఏదో వింతగా వస్తుంది, గరుకు కాగితంతో అంచు రుద్దితే సరి. 10 మిల్లీమీటర్ల వ్యాసం, ఒక మిల్లీమీటరు మందం, డైఎలక్ట్రిక్ కాన్‌స్టెంట్ (మధ్యలో ఏమీ లేనప్పటి కంటే ఆవేశం ఎన్ని రెట్లు నిల్వ అవుతుందో చెప్పే అంకె) 1500 అనుకుంటే కెపాసిటెన్స్ (ఆవేశాన్ని నిల్వ చేసే సామర్థ్యం) ఒక నానోఫారడ్‌కు కాస్త పైన రావాలి. ముందే లెక్క వేసుకుని మీటర్ చూడమనండి. చాలామందికి 0.6, 0.7 దగ్గర వస్తుంది. గాలి రంధ్రాలు మళ్ళీ ముందుకొస్తాయి. అదే సైజులో గాజు పలక పెట్టి కొలిస్తే ఐదారు పికోఫారడ్‌లే వస్తాయి. రెండూ పక్కపక్కన రాసుకున్న విద్యార్థికి, ఫోన్‌లో వందల కెపాసిటర్లు ఎలా పట్టాయన్నది చెప్పక్కర్లేదు.

ఇక ఎమ్మెస్సీ వాళ్ళకు క్యూరీ ఉష్ణోగ్రత ప్రయోగం. దీని గురించి కాస్త ఎక్కువ చెబుతాను, ఎందుకంటే దీంట్లో నాకు ఇంకా కొత్త విషయాలు దొరుకుతూనే ఉన్నాయి. ఒక కుర్రాడు వేడిచేస్తూ కొలిస్తే కెపాసిటెన్స్ శిఖరం 131 డిగ్రీల దగ్గర, చల్లారుస్తూ కొలిస్తే 109 దగ్గర వచ్చింది. రెండూ తప్పేమో, మధ్యలో 120 రాసేయనా అని అడిగాడు. వద్దన్నాను. థర్మోకపుల్ (ఉష్ణోగ్రత కొలిచే తీగ) ఎక్కడ ఉందో చూడమన్నాను. హీటర్ పక్కన నూనెలో ఉంది, బిళ్ళ మధ్యలో వేలాడుతోంది. వేడి ఎక్కేటప్పుడు నూనె ముందు వేడెక్కుతుంది, బిళ్ళ వెనకబడుతుంది. చల్లారేటప్పుడు ఇది తిరగబడుతుంది. థర్మోకపుల్‌ను బిళ్ళకు ఆనించి, నిమిషానికి ఒక డిగ్రీ చొప్పున నడిపాడు. రెండు శిఖరాలూ దగ్గరకొచ్చాయి. కానీ కలవలేదు, నాలుగైదు డిగ్రీల తేడా మిగిలింది. ఇంకా నిదానంగా నడిపినా ఆ తేడా పోలేదు.

ఆ మిగిలిన తేడా పరికరం లోపం కాదు, ప్రకృతిది. బేరియం టైటనేట్‌లో ఈ మార్పు ఫస్ట్ ఆర్డర్ మార్పు, అంటే మెల్లగా కాక ఒక్కసారిగా దూకేది. క్యూబిక్ (అన్ని వైపులా సమానమైన ఘనం) నుంచి టెట్రాగోనల్‌కు, మళ్ళీ వెనక్కి వెళ్ళేటప్పుడు కాస్త మొరాయిస్తుంది. ఏది కొలత తప్పు, ఏది పదార్థం స్వభావం అని విడదీయగలిగిన ఆ కుర్రాడు ఆ రోజు నా కళ్ళ ముందే శాస్త్రవేత్త అయ్యాడు. 120 అని రాసుంటే ఇది జరిగేది కాదు. తర్వాత పై ఉష్ణోగ్రతల్లో డైఎలక్ట్రిక్ కాన్‌స్టెంట్ తలకిందులు చేసి (ఒకటిని దాంతో భాగించి) గ్రాఫ్ గీస్తే సరళరేఖ వస్తుంది. దాన్ని కిందికి పొడిగిస్తే ఉష్ణోగ్రత అక్షాన్ని 120 దగ్గర కాదు, అంతకంటే పది డిగ్రీల దాకా తక్కువ దగ్గర తాకుతుంది. ఫస్ట్ ఆర్డర్ అన్న మాటకు అది రెండో సాక్ష్యం.

వీలైతే ఒక గ్రూపు చేత బేరియంలో 30 శాతం స్ట్రాన్షియం కలిపి చేయించండి. స్ట్రాన్షియం చిన్న అయాన్, ప్రతి శాతానికీ క్యూరీ ఉష్ణోగ్రత మూడు డిగ్రీలకు పైగా పడిపోతుంది, 30 శాతానికి గది ఉష్ణోగ్రత దగ్గరకు వచ్చేస్తుంది. పుస్తకంలో గది ఉష్ణోగ్రత అంటే 25 డిగ్రీలు. మన గదిలో డిసెంబరు పొద్దున 18 ఉంటుంది, మే మధ్యాహ్నం 38 ఉంటుంది. అదే బిళ్ళ, అదే మీటర్, రెండు కాలాల్లో రెండు రీడింగులు. కొలతతో పాటు ఉష్ణోగ్రత రాయకపోతే ఆ కొలతకు అర్థం లేదని ఆ బిళ్ళ ఏడాది పొడుగునా చెబుతూనే ఉంటుంది.

థియరీలో ఒక్క చోట మాత్రం జాగ్రత్త. టైటానియం అయాన్ ఆక్సిజన్ అయాన్ల పంజరంలో గోలీలా అటూ ఇటూ దొర్లుతుందని బొమ్మ గీసి వదిలేస్తాం. నిజానికి అది కదిలేది ఆంగ్‌స్ట్రామ్‌లో పదో వంతు. కదలడానికి కారణం పంజరంలో ఖాళీ ఒక్కటే కాదు, టైటానియంకు, ఆక్సిజన్‌కు మధ్య బంధం కూడా. ఇది చెప్పకపోతే ఎమ్మెస్సీలో వాళ్ళు ఇబ్బంది పడతారు. సౌష్ఠవం పాఠం మాత్రం త్వరగా ముగించండి. 32 పాయింట్ గ్రూపులు (సౌష్ఠవాన్ని బట్టి స్ఫటికాల వర్గాలు), వాటిలో సౌష్ఠవ కేంద్రం లేనివి 21, పీజోఎలక్ట్రిక్ (నొక్కితే వోల్టేజ్ ఇచ్చేవి) అయ్యేవి 20, పోలార్ (తమంతట తామే ధ్రువత్వం ఉండగలిగేవి) 10. ఈ నాలుగు అంకెలు చాలు. స్ఫటిక సౌష్ఠవాన్ని బట్టి ఒక భౌతిక ధర్మానికి ఎన్ని స్థిరాంకాలు ఉండాలో లెక్కగట్టిన సూరి భగవంతం గారు 1950లలో ఉస్మానియా వైస్ చాన్సలర్‌గా పనిచేశారని చెబితే, ఆర్ట్స్ కాలేజీ ముందు నుంచి రోజూ వెళ్ళే పిల్లలకు ఆ అంకెలు మరీ పరాయివిగా అనిపించవు.

పీజోఎలక్ట్రిసిటీ దగ్గర ఒక చిక్కు వస్తుంది. తమ బిళ్ళను నొక్కితే వోల్టేజ్ వస్తుందని ఆశపడతారు, రాదు. లోపల డొమైన్లు (ధ్రువత్వం ఒకే దిక్కున ఉండే చిన్న ప్రాంతాలు) తలో దిక్కు చూస్తుంటాయి, ఒకదాని ప్రభావాన్ని ఇంకోటి కొట్టేస్తుంది. వేడి నూనెలో ఉంచి మిల్లీమీటరుకు రెండు మూడు వేల వోల్టులిచ్చి అన్నిటినీ ఒక వైపు తిప్పాలి. దానికి పోలింగ్ అని పేరు. పోలింగ్ అనగానే పిల్లలకు ఓట్లు గుర్తొస్తాయి కాబట్టి, పోల్ అంటే ఇక్కడ ధ్రువం అని మొదటే చెప్పండి. అంత వోల్టేజ్ బీటెక్ ల్యాబ్‌లో వద్దు. కోఠి గుజరాతీ గల్లీలో పీజో బజర్ డిస్కులు చవగ్గా దొరుకుతాయి, అవి పోలింగ్ అయినవే. రెండు తీగలకు ఎల్‌ఈడీ తగిలించి, గది చీకటి చేసి వేలితో టక్కున కొడితే క్షణం మెరుస్తుంది. 1880లో క్యూరీ సోదరులు క్వార్ట్జ్ వంటి స్ఫటికాల్లో చూసింది ఇదే ధర్మం.

తెలుగులో చెప్పొచ్చా అన్నారు. చెప్పండి. పరీక్ష ఇంగ్లీషులో రాస్తారు కాబట్టి పదాలు ఇంగ్లీషువే ఉంచండి, వాక్యం తెలుగులో నడవనివ్వండి. నేను రెండూ చేసి చూశాను. ఇంగ్లీషులో చెప్పినప్పుడు ప్రశ్న అడిగేది ఐదుగురే, వాళ్ళు ఎప్పుడూ ఆ ఐదుగురే. తెలుగులో చెప్పిన రోజు వెనక బెంచీల నుంచి చేతులు లేస్తాయి. వేరే రాష్ట్రాల పిల్లలు ఉంటే వాళ్ళ కోసం ముఖ్యమైన వాక్యం ఇంగ్లీషులో మళ్ళీ చెప్పండి, అది మన బాధ్యత.

తెలుగు కేవలం సౌకర్యం కోసం కాదు, కొన్ని విషయాలు దాంట్లోనే బాగా తెలుస్తాయి. గ్రెయిన్ బౌండరీ అంటే నేను పొలం గట్టు అంటాను. మడిలో నీళ్ళు హాయిగా పారతాయి, ఆగేది గట్టు దగ్గర. సిరామిక్‌లో కూడా రేణువు లోపల కరెంటు సులభంగా వెళ్తుంది, రేణువుకు రేణువుకు మధ్య గట్టు దగ్గర ఆగుతుంది. జింక్ ఆక్సైడ్ వేరిస్టర్‌లో (ఎక్కువ వోల్టేజ్ నుంచి పరికరాల్ని కాపాడే భాగం) ఒక్కో గట్టు దాదాపు మూడు వోల్టుల దాకా ఆపుతుంది, దాటితే ఒక్కసారిగా తెగిపోయినట్టు కరెంటును వదులుతుంది. వోల్టేజ్ తగ్గగానే గట్టు మళ్ళీ నిలబడుతుంది. మరి 300 వోల్టులు ఆపాలంటే వరసగా ఎన్ని గట్లుండాలి అని అడగండి, వందని మీరు చెప్పకముందే చెబుతారు. ఇంట్లో దోమల మందు మెషీన్ చూపించండి. ద్రవాన్ని వేడిచేసే అందులోని బిళ్ళ కూడా బేరియం టైటనేటే, కాస్త వేరే అయాన్లు కలిపినది. క్యూరీ ఉష్ణోగ్రత దాటగానే గట్లు ఎత్తు పెరుగుతాయి, నిరోధం వేల రెట్లు అవుతుంది, కరెంటు తగ్గిపోతుంది. థర్మోస్టాట్ లేకుండా రాత్రంతా ఒకే వేడి దగ్గర నిలబడేది అందుకే. తమ బిళ్ళకు ఇంట్లో ఒక చుట్టం ఉందని తెలిస్తే పిల్లల మొహాలు వెలిగిపోతాయి.

చరిత్ర కూడా కొంచెం చెప్పండి. 1920 ప్రాంతంలో జోసెఫ్ వాలాసెక్ రోషెల్ ఉప్పులో ఫెర్రోఎలక్ట్రిసిటీ కనుగొన్నారు, అంటే తనంతట తానే ఉండే ధ్రువత్వాన్ని బయటి వోల్టేజ్‌తో తిప్పగలగడం. మన బిళ్ళలో ఉన్నదీ అదే. కానీ ఆ ఉప్పు నీళ్ళలో కరిగిపోయేది, పెద్దగా పనికి రాలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో రేడియోల కెపాసిటర్లకు అభ్రకం దొరక్కుండా పోతుందేమోనన్న భయంతో ప్రత్యామ్నాయాలు వెతుకుతూ అమెరికా, రష్యా, జపాన్‌లలో ఎవరికి వాళ్ళు విడివిడిగా బేరియం టైటనేట్ దగ్గరికి వచ్చారు. ఆ రోజుల్లో ప్రపంచానికి పలకల అభ్రకం ఎక్కువగా పంపింది మన దేశమే. నెల్లూరు వైపు గూడూరు గనులది అందులో పెద్ద పేరు. ఒకసారి క్లాసులో ఇది చెబుతుంటే ఒక అబ్బాయి లేచి, మా తాత ఆ గనుల్లో పనిచేశారు మేడమ్ అన్నాడు. ఆ రోజు మిగతా క్లాసు అతనిదే.

లెడ్ సంగతి. పీజెడ్‌టీ (లెడ్ జిర్కోనేట్ టైటనేట్ అనే పీజోఎలక్ట్రిక్ సిరామిక్) గురించి తప్పకుండా చెప్పాలి. జిర్కోనియం, టైటానియం 52, 48 పాళ్ళ దగ్గర ధర్మాలు ఎందుకు శిఖరానికి వెళ్తాయో ఎమ్మెస్సీకి వివరంగా చెప్పాలి. స్కానింగ్ ప్రోబ్ నుంచి వంటింటి గ్యాస్ లైటర్ దాకా అదే ఉందని చూపించాలి. కానీ లెడ్ ఆక్సైడ్ పొడిని బీటెక్ పిల్లల చేతికి ఇవ్వకండి. అది సుమారు 890 డిగ్రీల దగ్గరే కరుగుతుంది, సింటరింగ్ వేడికి ఆవిరై ఫర్నేస్ గోడలకు పడుతుంది, ఆ తర్వాత అందులో కాల్చిన ప్రతి దాంట్లోకీ చేరుతుంది. మీ దగ్గర ఉన్నది ఒక్కటే ఫర్నేస్. రిసెర్చ్ విద్యార్థి చేయాలనుకుంటే వేరే ఫర్నేస్, మూత గట్టిగా పెట్టిన క్రూసిబుల్, పొగ బయటికి పోయే ఏర్పాటు, వ్యర్థాలు పోగుచేసే డబ్బా, ఇవన్నీ ఉన్నాకే మొదలుపెట్టనివ్వండి. హెడ్ ఒత్తిడి చేసినా ఈ విషయంలో మెత్తబడొద్దు. ఎలక్ట్రానిక్ వస్తువుల్లో లెడ్ వాడకం మీద యూరప్ ఆంక్షలు 2006లో అమల్లోకి వచ్చినప్పుడు కూడా సరైన ప్రత్యామ్నాయం లేక ఈ సిరామిక్స్‌లోని లెడ్‌కు మినహాయింపు ఇచ్చారు. ఆ ఖాళీని పూరించే పని ఇంకా మిగిలే ఉందని ఎమ్మెస్సీ వాళ్ళకు చెప్పండి, ప్రాజెక్టులకు మంచి దారి.

హైదరాబాద్‌లో ఉండటం మీ అదృష్టం. కంచన్‌బాగ్‌లో డీఎంఆర్ఎల్, బాలాపూర్‌లో ఏఆర్‌సీఐ, చర్లపల్లి వైపు సీ-మెట్, మూడూ పదార్థాల పరిశోధన సంస్థలే, అన్నీ ఒక్క రోజు బస్సు ప్రయాణంలోపే. న్యూక్లియర్ ఫ్యూయెల్ కాంప్లెక్స్‌లో యురేనియం డయాక్సైడ్ బిళ్ళల్ని పొడి నొక్కి, హైడ్రోజన్ వాతావరణంలో 1700 డిగ్రీల దగ్గర సింటర్ చేస్తారు. తమ అర గ్రాము బిళ్ళకు పడ్డ కష్టాలే అక్కడా పడతారని పిల్లలకు చెప్పండి. ఇలాంటి చోట్లకు అనుమతి రావడానికి టైం పడుతుంది, ఉత్తరం సెమిస్టర్ మొదట్లోనే పెట్టండి. చూడటానికి వెళ్తే బిళ్ళ చేశాకే తీసుకెళ్ళండి. ముందే వెళ్తే యంత్రాల ముందు ఫొటోలు దిగి వస్తారు, తర్వాత వెళ్తే బైండర్ ఎంత శాతం వేస్తారని అడుగుతారు.

మీరు ఈ వారమే చేయాల్సింది చెబుతాను. ఎసిటోన్, పీవీఏ, సిల్వర్ పేస్ట్, గ్లవ్స్‌కు ఇండెంట్ పెట్టండి. పొడులు 99 శాతం పైన స్వచ్ఛత ఉన్నవి తెప్పించండి. ఆ రెండు పొడులతో ముందు మీరొక్కరే, పిల్లలెవరూ లేకుండా, తూకం నుంచి ఎల్‌సీఆర్ దాకా ఒక బిళ్ళ మీ ల్యాబ్‌లోనే చేసి చూడండి. మీ పీహెచ్‌డీ ల్యాబ్‌లో వచ్చినట్టు ఇక్కడ రాదు. ఫర్నేస్ చూపించే 1100కి, లోపల నిజంగా ఉన్న దానికి 30 డిగ్రీల తేడా ఉండొచ్చు. మీ మొదటి బిళ్ళ పగిలితే పారేయకండి, జేబులో పెట్టుకుని క్లాసుకు వెళ్ళి ముందు బెంచీ వాళ్ళ చేతికివ్వండి.